పొరుగు దేశాల వార్తను ఎలా చదవాలి? అంతర్జాతీయ డెస్కు నుంచి ఒక పద్ధతి

ముందుగా ఒక్క దేశాన్ని ఎంచుకోండి. విదేశాంగ వ్యవహారాలు తెలుసుకోవాలని ఉత్సాహంగా మొదలుపెట్టినవాళ్లు నెల తిరగకుండానే చేతులెత్తేయడానికి ప్రధాన కారణం ప్రపంచాన్నంతా ఒకేసారి నెత్తికెత్తుకోవడం. సోమవారం వాషింగ్టన్, మంగళవారం మాస్కో, బుధవారం ఢాకా అంటూ తిరిగితే ఏదీ తలకెక్కదు. బంగ్లాదేశ్‌నో నేపాల్‌నో పట్టుకుని ఏడాదిపాటు దాన్నే అనుసరించండి. దాని వెనకే చైనా వస్తుంది, అమెరికా వస్తుంది, నదులు వస్తాయి, మన రాష్ట్ర ప్రభుత్వాలూ వస్తాయి.

నేను ఒక తెలుగు దినపత్రికలో చాలా ఏళ్లు అంతర్జాతీయ వార్తల డెస్కులో పనిచేశాను, ఎక్కువగా రాత్రి షిఫ్టుల్లో. ఢిల్లీ నుంచి ఏజెన్సీ వార్త అందేసరికి పేజీ మూసే సమయం ముంచుకొచ్చేది. 'సరికొత్త అధ్యాయం', 'చారిత్రక భేటీ', 'గట్టి హెచ్చరిక' లాంటి మాటలు శీర్షికల్లోకి ఎక్కేది ఆ హడావుడిలోనే. మర్నాడు తీరిగ్గా అసలు పత్రం తెరిచి చదివితే, శీర్షికలో చోటు దొరకని ఒక వాక్యం ఎక్కడో పదిహేనో పేరాలో కనిపించేది. కొన్ని నెలల తరవాత మళ్లీ వార్తయ్యేది చాలాసార్లు ఆ వాక్యమే. డెస్కులో కొత్తగా చేరిన ఉపసంపాదకులకు నేను చెబుతూ వచ్చిన పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. దీనికి కావలసినవి ఒక నోటుపుస్తకం, ఒక భారతదేశ పటం, విదేశాంగ శాఖ వెబ్‌సైటు తెరవగలిగే ఫోను. టీవీ చర్చలు అవసరం లేదు.

పటాన్ని చేత్తో గీయండి

పటం చూస్తే సరిపోదు, గీయాలి. గీసినప్పుడే ఏ దేశం మన ఏ రాష్ట్రాన్ని తాకుతుందో చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది. కేంద్ర హోంశాఖ లెక్క ప్రకారం మన భూసరిహద్దు మొత్తం 15,106.7 కిలోమీటర్లు. అందులో బంగ్లాదేశ్‌తో 4,096.7, చైనాతో 3,488, పాకిస్థాన్‌తో 3,323, నేపాల్‌తో 1,751, మయన్మార్‌తో 1,643, భూటాన్‌తో 699, అఫ్గానిస్థాన్‌తో 106. చివరిది పాక్ ఆక్రమిత కశ్మీర్ వైపు ఉన్న ముక్క. మన వార్తల్లో పాకిస్థాన్‌కు దక్కే చోటునూ, బంగ్లాదేశ్‌కు దక్కే చోటునూ ఈ అంకెల పక్కన పెట్టి చూడండి. అతి పొడవైన సరిహద్దు గురించి మనకు ఎంత తక్కువ తెలుసో అర్థమవుతుంది.

ఇప్పుడు రాష్ట్రాల పేర్లు రాయండి. బంగ్లాదేశ్‌ను పశ్చిమ బెంగాల్, అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరం తాకుతాయి. నేపాల్‌ను ఉత్తరాఖండ్, ఉత్తర్‌ప్రదేశ్, బిహార్, పశ్చిమ బెంగాల్, సిక్కిం తాకుతాయి. రెండు జాబితాల్లోనూ పశ్చిమ బెంగాల్ ఉందని గమనించారా? విదేశీ వ్యవహారాలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో ఉన్నాయి. ఒప్పందాలు చేసుకునే అధికారం కేంద్రానిదే. అయినా 2011 సెప్టెంబరులో మన్మోహన్‌సింగ్ ఢాకా వెళ్లేనాటికి సిద్ధమైన తీస్తా జలాల ఒప్పందం ముఖ్యమంత్రి మమతా బెనర్జీ అభ్యంతరంతో ఆగిపోయింది. ఇప్పటికీ దానిపై సంతకాలు పడలేదు. నీళ్లు రాష్ట్రం గుండా పారుతున్నప్పుడు సంతకం ఒక్క ఢిల్లీ చేతిలో ఉండదు. ఈ సంగతి పటం ముందు పెట్టుకుంటే తప్ప గుర్తుకు రాదు.

ఆ పటంలోనే నేపాల్‌కూ బంగ్లాదేశ్‌కూ మధ్య సిలిగురి దగ్గర మన భూమి సన్నగా నడుము కట్టినట్టు కనిపిస్తుంది. అతి సన్నని చోట దాని వెడల్పు ఇరవై కిలోమీటర్ల పైచిలుకే. ఈశాన్య రాష్ట్రాలకు వెళ్లే రైలు, రోడ్డు అన్నీ అక్కడి నుంచే. 2017 వేసవిలో చైనా రోడ్డు వేస్తున్న డోక్లాం పీఠభూమి భూటాన్ తనదని చెప్పే భూమి. అక్కడికి మన సైనికులు వెళ్లి 73 రోజులు ఎందుకు నిలబడ్డారో ఈ నడుము చూశాక వేరే వివరణ అక్కర్లేదు. పటానికి దక్షిణాన తమిళనాడుకూ శ్రీలంకకూ మధ్య ఉన్న పాక్ జలసంధిని వదిలేయకండి. శ్రీలంకతో సముద్ర సరిహద్దు ఒప్పందాలు 1974, 1976లో జరిగాయి. శ్రీలంకకు దక్కిన కచ్చతీవు దీవి, తమిళనాడు జాలర్ల అరెస్టులు, ఎన్నికల ముందు రేగే వాదనలు అన్నీ ఆ రెండు సంవత్సరాల నుంచే మొదలవుతాయి.

మూలపత్రం: తేదీ, గడువు, బయటికి దారి

ఎంచుకున్న దేశంతో మనకున్న అసలు ఒప్పందం ఏదో వెతికి, పూర్తిగా చదవండి. ఇది కష్టమైన పని కాదు. చాలా ఒప్పందాలు నాలుగైదు పేజీలకు మించవు. విదేశాంగ శాఖ వెబ్‌సైటులో ఒప్పందాల భాండాగారం ఉంది. దేశం పేరు, సంవత్సరం పెట్టి వెతకవచ్చు. చదివేటప్పుడు మూడు విషయాలు నోటుపుస్తకంలోకి ఎక్కించండి. ఎప్పుడు జరిగింది, ఎంతకాలం అమల్లో ఉంటుంది, ఎవరైనా వదులుకోవాలంటే ఏం చెయ్యాలి.

మూడోదాన్ని చాలామంది చూడరు. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. 1950 జులై 31న నేపాల్‌తో కుదిరిన శాంతి మైత్రీ ఒప్పందాన్ని ఏ పక్షమైనా ఏడాది ముందు నోటీసు ఇచ్చి రద్దు చేసుకోవచ్చు. ఆ ఒప్పందం తమను చిన్నచూపు చూస్తోందని నేపాల్ నాయకులు దశాబ్దాలుగా అంటున్నారు. అయినా ఆ నోటీసు ఖాట్మండు నుంచి ఇంతవరకూ రాలేదు. తెరచి ఉన్న సరిహద్దు, మన దగ్గర పనిచేసుకుంటున్న లక్షల మంది నేపాలీలు ఆ నోటీసుకు అడ్డుగా ఉన్నారు. అందుకే సభలో మాట్లాడిన మాటను ఈ నిబంధన పక్కన పెట్టి బరువు చూడమంటాను.

1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్‌ఖాన్ సంతకాలు చేసిన సింధు జలాల ఒప్పందం ఇందుకు పూర్తిగా భిన్నం. దానికి గడువు లేదు. రెండు ప్రభుత్వాలూ కలిసి మరో ఒప్పందం చేసుకునేదాకా ఇదే కొనసాగాలన్నది అందులోని మాట. రావి, బియాస్, సట్లెజ్ మనకు. సింధు, జీలం, చీనాబ్ ప్రధానంగా పాకిస్థాన్‌కు. మధ్యవర్తి ప్రపంచ బ్యాంకు. 1965, 1971, 1999 యుద్ధాలను దాటి నిలిచిన ఈ ఒప్పందాన్ని పహల్గాంలో 26 మందిని ఉగ్రవాదులు చంపిన మర్నాడు, 2025 ఏప్రిల్ 23న, భారత్ నిలుపుదలలో పెట్టింది. ఒప్పందంలో రద్దుకు ఏకపక్ష దారి లేదు కాబట్టి ఢిల్లీ ఆ దారి పట్టలేదు. అప్పుడు వచ్చిన శీర్షికల్లో 'రద్దు' అని పెట్టినవీ ఉన్నాయి. మూలపత్రం ఒక్కసారి చదివినవాళ్లు అలా రాయలేరు.

గడువు ఉన్న ఒప్పందాల్లో నాకు ఎప్పుడూ బాధ కలిగించేది 1954 ఏప్రిల్ 29 నాటి పంచశీల ఒప్పందం. పేరుకు అది టిబెట్ ప్రాంతంతో వాణిజ్యం, రాకపోకల గురించిన పత్రం. పంచశీల సూత్రాలు దాని ముందుమాటలో ఉన్నాయి. కాలపరిమితి ఎనిమిదేళ్లు. 1962 జూన్‌లో ఎవరూ పొడిగించకుండానే ముగిసిపోయింది. అక్టోబరు 20న యుద్ధం. సూత్రాలను పిల్లల చేత కంఠస్థం చేయించాం గాని, ఆ పత్రం గడువు తేదీని పాఠాల్లో ఎవరూ చెప్పరు.

పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చదివే అవకాశం దొరికితే వదులుకోవద్దు. భూటాన్‌తో 1949 ఒప్పందం రెండో అధికరణంలో విదేశీ సంబంధాల్లో భారత ప్రభుత్వ సలహా ప్రకారం నడుచుకుంటానని భూటాన్ అంగీకరించింది. 2007లో తిరగరాసినప్పుడు అదే రెండో అధికరణంలో ఆ మాట పోయి, పరస్పర జాతీయ ప్రయోజనాల విషయంలో సన్నిహితంగా సహకరించుకుంటామన్న మాట వచ్చింది. ఒకరి భూమిని మరొకరి భద్రతకు హాని కలిగించే పనులకు వాడనివ్వబోమన్న హామీ కూడా అందులోనే ఉంది. ఒక పెద్ద దేశం చిన్న దేశం మీద తనకున్న పట్టును తానే సడలించిన సందర్భం ఇది. గర్వపడదగిన ఆ పనికి మన పత్రికల్లో రావలసినంత చోటు రాలేదన్నది నా అభిప్రాయం.

గాల్వాన్‌లో తుపాకీ ఎందుకు పేలలేదు

మూలపత్రం ఎంత పనికొస్తుందో ఒక్క ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గాల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. వారిలో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్‌బాబు ఉన్నారు. ఆ వార్త తెలుగు నేల మీద ప్రతి ఇంటినీ కలచివేసింది. రాళ్లు, మేకులు దిగ్గొట్టిన కర్రలతో పోరాడారని తెలిశాక పాఠకుల నుంచి వచ్చిన మొదటి ప్రశ్న ఒకటే: అణ్వస్త్రాలున్న రెండు సైన్యాలు కర్రలతో ఎందుకు కొట్టుకున్నాయి?

సమాధానం రెండు పత్రాల్లో ఉంది. మొదటిది 1993 సెప్టెంబరులో పి.వి.నరసింహారావు ప్రధానిగా బీజింగ్ వెళ్లినప్పుడు కుదిరినది. సరిహద్దు సమస్య తేలేదాకా వాస్తవాధీన రేఖ (రెండు సైన్యాల అధీనంలోని భూమిని వేరుచేసే గీత) వెంబడి శాంతిని కాపాడుకుందామని, ఎవరూ బలం వాడవద్దని అందులో రాసుకున్నారు. రెండోది 1996 నాటిది. దాని ఆరో అధికరణం వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదని, పేలుడు పదార్థాలు వాడకూడదని చెబుతుంది. గాల్వాన్‌లో సైనికుల దగ్గర ఆయుధాలు ఉన్నా కాల్చకపోవడానికి ఆ పాత కాగితమే కారణం. ఇది చదివాక మీకు రెండు ప్రశ్నలు మిగలాలి. ఆ అధికరణం ఎన్ని దశాబ్దాలు ఎంతమంది ప్రాణాలు కాపాడింది? ఇరుపక్షాలూ రేఖ ఎక్కడుందో పటాల మీద ఒప్పుకోకుండా, రేఖకు రెండు కిలోమీటర్లు అని రాసుకోవడంలో ఎంత ప్రమాదం దాగి ఉంది? నా దృష్టిలో రెండూ సమానంగా నిజం.

దీని తరవాతి అంకాన్ని కూడా ఇలాగే చదవండి. 2024 అక్టోబరు 21న విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ గస్తీ ఏర్పాట్లపై అంగీకారం కుదిరిందని ప్రకటించారు. రెండు రోజులకు కజాన్‌లో మోదీ, జిన్‌పింగ్ కలిశారు. తరవాతి ఏడాది మానస సరోవర యాత్ర, నేరుగా విమానాలు మొదలయ్యాయి. నోటుపుస్తకంలో ఇవి రాస్తూనే పక్కన ఒక ఖాళీ గడి ఉంచండి: సరిహద్దుకు ఇరువైపులా మోహరించిన అదనపు బలగాలు వెనక్కి వెళ్లాయా? గస్తీ మొదలవడం ఒక మెట్టు, బలగాల ఉపసంహరణ మరో మెట్టు. వార్తల్లో ఈ రెండూ తరచుగా కలిసిపోతాయి.

సంయుక్త ప్రకటనలో లేని పేరును వెతకండి

ప్రకటన రాగానే ముందు చూడవలసింది అది సంయుక్తమా, ఎవరికి వారు విడుదల చేసుకున్నారా అన్నది. విడివిడిగా ఇస్తే రెండూ తెరిచి పక్కపక్కన పెట్టుకోండి. మన వైపు ప్రకటనలో ఉండి అవతలి వైపు ప్రకటనలో లేని అంశం మీద అంగీకారం కుదరకపోయి ఉండవచ్చు.

పెద్ద కూటముల ప్రకటనల్లో లేని పేర్లు కూడా మాట్లాడతాయి. షాంఘై సహకార సంస్థ శిఖరాగ్ర సదస్సుల ప్రకటనల్లో ఇతర దేశాల్లో రోడ్లు, రేవులు నిర్మించే చైనా బెల్ట్ అండ్ రోడ్ పథకానికి మద్దతు పలికే పేరా ఒకటి ఉంటుంది. అక్కడ 'సభ్యదేశాలన్నీ' అని ఉండదు. రష్యా, కజాఖ్‌స్థాన్, పాకిస్థాన్ అంటూ పేర్లు వరసగా ఉంటాయి. భారత్ పేరు ఉండదు. మనం తీవ్రంగా ఖండించలేదు, సభ నుంచి లేచి రాలేదు, పేరు మాత్రం ఇవ్వలేదు. పాక్ ఆక్రమిత కశ్మీర్ గుండా వెళ్లే చైనా-పాక్ నడవా ఆ పథకంలో భాగం కావడం దీనికి కారణం. ఇది ఏటా పునరావృతమవుతున్నా వార్తల్లో పెద్దగా కనిపించదు.

పేరు ఇవ్వకపోవడం కన్నా పెద్ద చర్య సంతకం చేయకపోవడం. 2025 జూన్‌లో చింగ్‌దావ్‌లో జరిగిన అదే సంస్థ రక్షణ మంత్రుల సమావేశంలో పహల్గాం దాడి ప్రస్తావన లేదని రాజ్‌నాథ్‌సింగ్ సంయుక్త ప్రకటనపై సంతకం చేయలేదు. సెప్టెంబరు 1న తియాన్‌జిన్ శిఖరాగ్ర ప్రకటనలో పహల్గాం దాడి ఖండన ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య తెరవెనక ఎంత పని జరిగి ఉంటుందో ఊహించండి. దౌత్యవేత్తల కష్టం ఇలాంటి ఒక్క పేరాలోకి కుదించుకుపోతుంది. దాన్ని గుర్తించి చదవడం మనం వాళ్లకు ఇవ్వగల గౌరవం.

ఐక్యరాజ్య సమితి ఓట్లకు కూడా ఇదే వర్తిస్తుంది. ఉక్రెయిన్‌పై దాడిని ఖండిస్తూ 2022 మార్చి 2న సర్వప్రతినిధి సభ ఆమోదించిన తీర్మానానికి 141 దేశాలు అనుకూలం, 5 వ్యతిరేకం. 35 ఓటు వేయలేదు. ఆ 35లో మనం ఉన్నాం. వార్త ఇక్కడితో ఆగుతుంది, మీరు ఆగకండి. ఓటు తరవాత ప్రతినిధి చదివే వివరణ ప్రకటన సమితిలో మన శాశ్వత కార్యాలయం వెబ్‌సైటులో దొరుకుతుంది. ఓటింగ్‌కు దూరంగా ఉంటూనే దేశాల సార్వభౌమత్వం, ప్రాదేశిక సమగ్రత గురించి మన ప్రతినిధులు ఆ రోజుల్లో చెప్పిన మాటలు చదవండి. ఎటూ మొగ్గకపోవడం అనే మాట ఎంత అసంపూర్ణమో తెలుస్తుంది.

డబ్బు ఎటు పోతోంది

ఏటా ఫిబ్రవరి 1న బడ్జెట్ వచ్చినప్పుడు ఆదాయపు పన్ను శ్లాబుల తరవాత నేను తెరిచే కాగితం విదేశాంగ శాఖ పద్దు. 2025-26కు ఆ శాఖకు సుమారు 20,517 కోట్ల రూపాయలు కేటాయించారు. అందులో విదేశాలకు సాయం కింద దేశాల వారీగా అంకెలుంటాయి. భూటాన్‌కు 2,150 కోట్లు, నేపాల్‌కు 700 కోట్లు, మాల్దీవులకు 600 కోట్లు, శ్రీలంకకు 300 కోట్లు, బంగ్లాదేశ్‌కు 120 కోట్లు.

మాల్దీవుల అంకె దగ్గర ఆగండి. భారత సైనిక సిబ్బందిని పంపించేస్తానని ప్రచారం చేసిన మొహమ్మద్ ముయిజ్జు 2023 నవంబరులో అధ్యక్షుడయ్యారు. 2024 మే 10 లోపు సైనికులు వెళ్లిపోయి, వారి స్థానంలో సాంకేతిక నిపుణులు వచ్చారు. ఆ నెలల్లో సామాజిక మాధ్యమాలు మాల్దీవుల పర్యటనను బహిష్కరించమని హోరెత్తాయి. బడ్జెట్ కాగితం చూడండి: 2024 జులైలో 400 కోట్లు, తరవాతి ఏడాదికి 600 కోట్లు. 2024 అక్టోబరులో 40 కోట్ల డాలర్లు, మరో 3,000 కోట్ల రూపాయల కరెన్సీ మార్పిడి సదుపాయం కూడా ఇచ్చారు. 2025 జులైలో ఆ దేశ స్వాతంత్ర్య దినోత్సవానికి మోదీ ముఖ్య అతిథిగా వెళ్లారు. జనం కోపంగా ఉన్న రోజుల్లో ప్రభుత్వం ఓపిక పట్టింది, ఆ ఓపిక ఫలించింది. ఇది సరైన పని అని నేను గట్టిగా నమ్ముతాను. 1988 నవంబరులో కిరాయి సైనికుల కుట్ర నుంచి మాలేను కాపాడింది మనమే. అలాంటి పొరుగును ఒక ఎన్నికల నినాదం కోసం వదులుకోలేం.

శ్రీలంకకు 2022 సంక్షోభంలో ఇచ్చిన సుమారు 400 కోట్ల డాలర్ల సాయం ఈ పద్దులో ఇలా కనిపించదు. అది రుణ సదుపాయాలు, చెల్లింపుల వాయిదాల రూపంలో వెళ్లింది. కాబట్టి పద్దుతోపాటు మన ప్రభుత్వ ఎగ్జిమ్ బ్యాంకు విదేశాలకు ఇచ్చే రుణాల వార్తలూ రాసుకోవాలి.

గొడవల మధ్య కూడా ఆగనివి

2025 మేలో ఆపరేషన్ సిందూర్, 10వ తేదీన కాల్పుల విరమణ. 2019 ఆగస్టు నుంచి ఢిల్లీలో పాకిస్థాన్‌కు, ఇస్లామాబాద్‌లో మనకు పూర్తి స్థాయి హైకమిషనర్ లేరు. అయినా ఏటా జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలను ఇచ్చిపుచ్చుకుంటాయి. 1988 డిసెంబరు 31న కుదిరిన ఒప్పందం ప్రకారం ఒకరి అణు కేంద్రాలపై మరొకరు దాడి చేయకూడదు. జాబితాల మార్పిడి 1992లో మొదలై కార్గిల్ ఏడాదిలోనూ, ముంబయి దాడుల తరవాతా ఆగలేదు.

అదే జనవరి 1న, మళ్లీ జులై 1న, జైళ్లలో ఉన్న ఖైదీలు, మత్స్యకారుల జాబితాలు కూడా చేతులు మారతాయి. మన తెలుగువాళ్లు ఇది తప్పకుండా చూడాలి. బతుకుతెరువు కోసం గుజరాత్ వెళ్లి, 2018 చివర సముద్రంలో పాక్ గస్తీకి చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. వాళ్ల కుటుంబాలు ఏడాదికి పైగా ఎదురుచూసింది ఇలాంటి జాబితాలో ఒక పేరు కోసమే. సంబంధం నిజంగా తెగిపోయిందా లేదా అన్నది తెలియాలంటే ఈ రెండు తేదీల పత్రికా ప్రకటన చూడండి.

పెద్ద దేశాలకు మూడు గడులు

పొరుగు దేశం మీద పట్టు వచ్చాక అమెరికా, రష్యా, చైనాల దగ్గరికి రండి. ఒక్కో దేశానికి మూడు గడులు గీయండి: ఆయుధాలు, సరకులు, సంతకాలు.

రష్యా గడుల్లో 1971 ఆగస్టు 9 ఒప్పందం సంతకాల కింద రాయండి. దాడి ముప్పు ఎదురైతే వెంటనే సంప్రదించుకోవాలన్న తొమ్మిదో అధికరణం బంగ్లాదేశ్ యుద్ధానికి ముందు మనకు ఎంత ధైర్యమిచ్చిందో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. 1993లో రాసుకున్న కొత్త ఒప్పందంలో ఆ అధికరణం లేదు. ఆయుధాల కింద 2018 నాటి ఎస్-400 క్షిపణి రక్షణ వ్యవస్థల కొనుగోలు. సరకుల కింద చమురు: ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో రెండు శాతం కూడా లేని రష్యా చమురు, తరవాత మూడో వంతు దాటింది.

అమెరికాకు 2005 జులై 18 సంయుక్త ప్రకటన, 2008 అక్టోబరు పౌర అణు ఒప్పందం, 2016, 2018, 2020లలో చేసుకున్న మూడు సైనిక సహకార ఒప్పందాలు. సరకుల గడిలో 2025 ఆగస్టు. ఆ నెల 7న 25 శాతం సుంకం, రష్యా చమురు కొంటున్నామని 27న మరో 25 శాతం. ఆంధ్ర తీరంలో రొయ్యలు సాగు చేసే రైతుకు ఇది విదేశాంగ విధానం అని ఎవరూ చెప్పనక్కర్లేదు. మన రొయ్యలకు అతి పెద్ద మార్కెట్ అమెరికా. మాస్కోతో చమురు, వాషింగ్టన్‌తో రొయ్యలు ఒకే లెక్కలోకి వచ్చిన నెల అది.

చైనా గడిలో సైన్యాల మోహరింపు పక్కనే 2024-25 వాణిజ్య లోటు రాయండి: దాదాపు 9,900 కోట్ల డాలర్లు. ఈ రెండు వరసలు ఒకే పేజీలో కనిపించాలి. ఎవరు మిత్రుడు, ఎవరు శత్రువు అని అడిగేవాళ్లకు ఆ పేజీ చూపించండి.

ఎవరు మాట్లాడారు?

దీనికి ఎక్కువ సమయం అక్కర్లేదు. ప్రధాని, విదేశాంగ మంత్రి, కార్యదర్శి, అధికార ప్రతినిధి చెప్పినవి దేశం మాటలు. పార్టీ నాయకులు, మాజీ సైనికాధికారులు, 'విశ్వసనీయ వర్గాలు' చెప్పినవి వేరే రంగు సిరాతో రాయండి. పార్లమెంటు ప్రశ్నలకు విదేశాంగ శాఖ ఇచ్చే లిఖితపూర్వక సమాధానాలను తప్పక చదవండి. సభకు తప్పు చెప్పడం తేలిక కాదు కాబట్టి అందులోని ప్రతి మాటా తూచి రాస్తారు.

నాయకులు ప్రకటించినంత మాత్రాన పని అయిపోదన్న సంగతీ గుర్తుంచుకోండి. భూమి ఇచ్చిపుచ్చుకోవాలంటే మన రాజ్యాంగ సవరణ కావాలి. 1974 మే 16న ఇందిరాగాంధీ, ముజిబుర్ రెహ్మాన్ సంతకాలు చేసిన భూసరిహద్దు ఒప్పందం నూరో రాజ్యాంగ సవరణతో 2015లో గాని అమల్లోకి రాలేదు. బంగ్లాదేశ్ లోపల మన భూఖండాలు 111, మన లోపల వాళ్లవి 51 ఉండేవి. ఆ ఏడాది జులై 31 అర్ధరాత్రి అవి చేతులు మారాయి. అప్పటిదాకా అక్కడి జనం ఏ దేశపు రేషన్‌కార్డుకూ, ఏ బడికీ పూర్తిగా చెందకుండా 41 ఏళ్లు ఎదురుచూశారు.

ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లకు ఒక సాధన

1996 డిసెంబరు 12న బంగ్లాదేశ్‌తో కుదిరిన గంగా జలాల ఒప్పందం చదవండి. గడువు 30 ఏళ్లు, అంటే 2026 డిసెంబరు. కృష్ణా, గోదావరి పంచాయితీలు చదివి చదివి క్యూసెక్కుల లెక్క మనకు బాగా వచ్చు, అందుకే తెలుగు పాఠకులకు ఇది సులువు. జనవరి 1 నుంచి మే 31 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఫరక్కా బ్యారేజీ దగ్గర పది రోజులకోసారి లెక్క. నీరు 70,000 క్యూసెక్కులు లేదా అంతకన్నా తక్కువ ఉంటే చెరి సగం. 70,000 నుంచి 75,000 మధ్య ఉంటే బంగ్లాదేశ్‌కు 35,000, మిగిలింది మనకు. 75,000 దాటితే మనకు 40,000, మిగిలింది వాళ్లకు. మార్చి 11 నుంచి మే 10 వరకు ఒక పదిరోజులు ఒకరికి, తరవాతి పదిరోజులు మరొకరికి 35,000 క్యూసెక్కులు తప్పనిసరి.

ఈ లెక్కకు ఆధారం 1949 నుంచి 1988 వరకు ఫరక్కాకు చేరిన నీటి సగటు. నది అప్పటిలా లేదు, ఎగువన వాడకం పెరిగింది. బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా 2024 ఆగస్టు 5న పదవి వదిలి ఢిల్లీ చేరాక రెండు రాజధానుల మధ్య మాట కూడా మునుపటిలా లేదు. కొత్త ఒప్పందం గానీ పొడిగింపు గానీ వార్తగా వచ్చిన రోజున శీర్షిక చదవకముందే నోటుపుస్తకం తెరిచి, వీటికి సమాధానాలు వెతకండి: ఆధార సంవత్సరాలు మారాయా? 35,000 హామీ ఉందా? గడువు ఎంత? తీస్తా ప్రస్తావన ఏ పేరాలో ఉంది, అసలు ఉందా? కోల్‌కతా, పట్నా ఏమన్నాయి? ఢాకా విడుదల చేసిన ప్రతిలో, ఢిల్లీ విడుదల చేసిన ప్రతిలో ఇవే అంకెలు ఉన్నాయా?